గోడలో లేని రాయి

మా ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పూ చేయలేదు. ఇది నా మాట కాదు, ఆయన మాటే. ఆయన వండిన రోజు కూర ఉప్పుకషాయమైతే, ఉప్పు కంపెనీ వాళ్ళు ఘాటు పెంచారంటారు. స్కూటరు గుమ్మానికి గుద్దితే, గుమ్మం కట్టినవాడికి కొలత తెలియదంటారు. ఒకసారి పెరట్లో బట్టలుతికే బండ మీద వంకర మేకు పెట్టి సుత్తితో సరిచేస్తూ, బండ అంచున నెలవంకలా ఇంత పెచ్చు ఊడగొట్టారు. సుత్తి పక్కన పెట్టి, బండ వైపు జాలిగా చూసి, "నాసిరకం రాయి. నాకు మొదట్నుంచీ అనుమానమే" అన్నారు. మా మామగారు వేయించిన బండ అది. కాపురానికొచ్చిన నాటినుంచి దాని మీద నేను దుప్పట్లు బాదుతున్నాను, పరదాలు బాదుతున్నాను, కోపమొచ్చిన రోజున ఉతికినవే మళ్ళీ ఉతుకుతున్నాను. ఏనాడూ కిక్కురుమనని రాయి ఆయన ఒక్క మేకు దెబ్బకు నాసిరకమైపోయింది.

ఇంకో గుణం కూడా చెప్పి ఊరుకుంటాను. తీసిన వస్తువు తీసినచోట పెట్టడం ఆయన జాతకంలో లేదు. కత్తెర ఫ్రిజ్ మీద దొరుకుతుంది, స్క్రూడ్రైవరు చెంచాల బుట్టలో దొరుకుతుంది. అటువంటి మనిషి ఈమధ్య కూతురి దగ్గర పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, ఏదో ప్రింటు తీయించుకొచ్చానని చెప్పి, దాన్ని పిల్ల బల్ల మీదే, దాని డబ్బాలోనే, మూత కూడా బిగించి మరీ పెట్టారు. చూసి మురిసిపోయాను. మనిషి దారిలో పడుతున్నాడనుకున్నాను. ఆశకు అంతులేదని ఊరికే అనలేదు పెద్దలు.

ఈ కథ మొదటి భాగం వచ్చిన కిందటి వారం పత్రికను పక్కింటివాళ్ళు చదివి ఇస్తామని పట్టుకెళ్ళి ఇంకా ఇవ్వని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

మా అమ్మాయిని ఇంట్లో అందరం గులక అంటాం. చిన్నప్పుడు గౌను జేబుల నిండా గులకరాళ్ళు పోసుకొచ్చేది. పెద్దదై, చదువైపోయి, ఇప్పుడు అదే పని కంప్యూటరులో చేస్తోంది. లోకమంతా చదరపు దిమ్మలతో కట్టుకునే ఆట ఒకటుంది. ఆడేవాళ్ళు దిమ్మ మీద దిమ్మ పేర్చి ఇళ్ళు, కోటలు, వంతెనలు కడుతుంటారు. ఆ దిమ్మలకు పైన తొడిగే చర్మం మా గులక చేస్తుంది. వాళ్ళ భాషలో టెక్స్చర్లంటారు. రాయి రాయిలాగే ఉండాలి, చెక్క చెక్కలాగే ఉండాలి, ముక్కు ఆనించి చూస్తే నాచు మీది నూగు కూడా కనబడాలి.

"ఫోటో తీసి అంటిస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" అని మొదట్లో నేనూ అన్నాను. అలా కుదరదట. ఒకే చదరపు బొమ్మను గోడ పొడుగునా వందలసార్లు పక్కపక్కనే అతికిస్తారు. దాని కుడి అంచు వెళ్ళి ఎడమ అంచుతో కలవాలి, కింది అంచు పై అంచుతో కలవాలి, ఎక్కడా అతుకు కనబడకూడదు. పూల పరదాలు కుట్టించిన వాళ్ళకు ఈ బాధ తెలుస్తుంది. సగం పువ్వు ఈ ముక్కలో, సగం పువ్వు ఆ ముక్కలో, కలిపి కుడితే పువ్వుకు మెడ విరిగి ఉంటుంది. పైగా బొమ్మలో ఒక్క తెల్ల మచ్చ ఉన్నా చాలు, అది ప్రతి దిమ్మ మీదా వచ్చి గోడకు తట్టు పోసినట్టుంటుంది.

అందుకే గులక మా పెరటి రాతిగోడ ఫోటోలు తీయడానికి ఎండా కాలమంతా మబ్బు కోసం కాచుకుంది. ఎండ ఉంటే ప్రతి రాయికీ ఒకే పక్క నీడ పడుతుందట, అది అతుకుని పట్టిస్తుందట. ఆకాశం మూసుకున్నప్పుడల్లా నా బట్టలు తీగ మీది నుంచి పారేసి, కెమెరా పట్టుకుని పరుగు. ఆ గోడ మా మామగారు తన చేత్తో పేర్చింది. ఏ రెండు రాళ్ళూ ఒక్కలా ఉండవు.

ఆ ఆటకు బొమ్మలు కొనే కంపెనీ ఒకటి గులక పంపిన నమూనా చూసి ముచ్చటపడింది. గోడ మొత్తం బాగుంటే ఒక పాత నగరానికి కావలసిన రాళ్ళన్నీ నీ చేతే చేయిస్తామంది. అది పంపిందో లేదో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇదే గోడ, ఇదే బొమ్మ, నీకంటే ముందే మరొకరి పేరుతో మాకు చేరింది, దీనికి ఈ సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వు, లేకపోతే నీ పేరు కొట్టేసి, ఎందుకు కొట్టేశామో మిగతా కంపెనీలకూ చెబుతాం అని.

ఆ మరొకరు ఎవరో కాదు, మా బావగారి అబ్బాయి. వాణ్ణి మేనేజరు అంటాం. బళ్ళో చేరిన ఏడాది క్లాసు లీడరుగా చేశాడు. ఆ తర్వాత ఎక్కడా పని చేయలేదు.

కిందటి వారం భాగం చివర మా ఆయన కూతుర్ని కూర్చోబెట్టి, "నువ్వే తప్పుకో గులకా. గోడ అందరిదీ" అన్నారు. పిల్ల ముద్ద కలిపి, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయింది. అంతలో పెరటి తలుపు చప్పుడైంది. తీర్పు చెప్పడానికి బావగారు, వెనకాల మేనేజరు.

బావగారు ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. మా ఆయనను చదివించడానికి తన చదువు మానుకుని తాపీ పట్టిన మనిషి. అందుకని మా ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. వస్తూనే ఎప్పటిలాగే బట్టలుతికే బండ మీద కూర్చున్నారు. కుర్చీ వేసినా కూర్చోరు. ఈ బండే మా నాన్న వేసిన కుర్చీ అంటారు.

"అన్నయ్యకి కాఫీ తెచ్చివ్వు" అన్నారు మా ఆయన.

"పాలు విరిగాయండీ" అన్నాను.

పాలు విరగలేదు. గిన్నె నిండా పొయ్యి పక్కన చల్లగా ఉన్నాయి. నా కాఫీ తాగి నా కూతుర్ని దొంగ అనడమంటే, అది నా వల్ల కాదు.

బావగారు గొంతు సవరించుకున్నారు. "చూడమ్మా గులకా. ఈ గోడ ఎవరిది? మా నాన్నది. నీకూ తాతే, వీడికీ తాతే. తాత గోడని ఇద్దరు మనవలూ ఫోటో తీశారు. వాడు ముందు పంపాడు, నువ్వు వెనక పంపావు. ఒక బావిలో ఇద్దరు నీళ్ళు తోడుకుంటే ఎవర్ని దొంగంటావు?"

"ఎవర్నీ అనను పెదనాన్నా" అంది గులక. "నేను తోడి గట్టు మీద పెట్టిన బిందె ఎత్తుకెళ్తే మాత్రం అంటాను."

"పెద్దవాళ్ళతో ఏంటా మాటలు?" అన్నారు మా ఆయన.

"చిన్నవాళ్ళతో ఏంటి నాన్నా ఈ పనులు?"

మా ఆయనకు ఉన్నట్టుండి పెరటి కుళాయి కారుతున్నట్టు తోచింది కాబోలు, వెళ్ళి దాన్ని తిప్పడం మొదలుపెట్టారు. ఎన్నాళ్ళ నుంచో కారుతున్న కుళాయి అది. దానికి ఇన్నాళ్ళకు యోగం పట్టింది.

గులక లాప్‌టాప్ తెచ్చి స్టూలు మీద పెట్టింది. తెర మీద రెండు చదరాలు పక్కపక్కనే. "ఎడమది నాది. కుడిది అన్నయ్య పంపింది. పోల్చి చూసుకోమని కంపెనీ వాళ్ళే నాకు పంపారు."

చూశాను. ఎడమ చేయి, కుడి చేయి కూడా అంత ఒక్కలా ఉండవు.

"ఒకే గోడైతే ఒకేలా ఉండక ఇంకెలా ఉంటుంది?" అన్నాడు మేనేజరు. "బుర్ర వాడు కాస్త."

"వాడే అడుగుతున్నా. ఎప్పుడు తీశావ్ ఫోటోలు?"

"మొన్న మేమంతా భోజనానికి వచ్చినప్పుడు. మీరు లోపల ఉన్నారు."

"ఆ రోజు ఎండా, మబ్బా?"

"ఎండే. మంచి వెలుతురు."

"మరి నీ బొమ్మలో ఒక్క రాయికైనా నీడ లేదేం?"

మేనేజరు కాలరు సవరించుకున్నాడు. "నీడలు తీసేసే సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి. నీకొక్కదానికే తెలుసా ఏంటి?"

"అంతే కదా మరి!" అన్నారు బావగారు తొడ చరిచి. "తీసేశాడు. అయిపోయింది. ఇంకేముంది?"

గులక ముఖం పాలిపోయింది. నేను పొద్దున్న ఉతికేసిన దుప్పటిని బకెట్లోంచి తీసి పిండడం మొదలుపెట్టాను. అందులో చుక్క నీరు లేదు. అయినా పిండాను. ఎవరి మెడ అనుకుని పిండానో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

"నేనొక మాట చెప్తాను బావగారూ" అన్నాను. "ఈ పిల్ల ఈ గోడ ముందు గొడుగు పట్టుకుని గంటలు గంటలు నిలబడింది. ఒక రాయి మీద బల్లి ఉందని, అది పోయేదాకా నన్ను వంటింట్లోంచి కదలనివ్వలేదు. నా అడుగుల చప్పుడుకి బల్లి పారిపోయి నాచు రాలుతుందట. మీవాడు భోజనానికి వచ్చి, చేయి కడుక్కునే సందులో ఇదంతా చేశాడా?"

"తెలివైనవాడికి సందు చాలమ్మా" అన్నారు బావగారు.

"అయితే ఉద్యోగానికి ఇంకా సందు దొరకలేదా?"

అనేశాను. అనకూడని మాటే. మేనేజరు తల దించుకున్నాడు. కుళాయి దగ్గర మా ఆయన చేయి ఆగిపోయింది. "వాణ్ణి అనకు" అన్నారు, ఇటు తిరక్కుండానే. నన్నంటే పట్టించుకోని మనిషికి, కూతుర్ని దొంగంటే నోరు రాని మనిషికి, అన్న కొడుకును అంటే మాత్రం గొంతు వచ్చింది. నాకు ఒళ్ళు భగ్గుమంది.

"వాణ్ణి అనకూడదు, దీన్ని మాత్రం ఎవరైనా అనొచ్చు! ఏమండీ, ఇది మీ కూతురేనా, లేక దీన్ని కూడా ఎక్కడైనా ఫోటో తీసుకొచ్చామా?"

"అమ్మా, ఉండు" అంది గులక. ఆ గొంతులో కోపం కరకరలాడుతోంది, కానీ మాట నిదానంగా వచ్చింది. "అన్నయ్యా, ఆఖరుగా ఒక్కటి. ఇదిగో, బొమ్మకి సరిగ్గా నడుమ ఉంది చూడు, ఈ రాయి. నీ దాంట్లోనూ ఉంది. గోడలో ఇది ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. చూపిస్తే, దొంగతనం చేసింది నేనేనని ఇప్పుడే, ఇక్కడే, మీ అందరి ముందే కంపెనీకి రాసిచ్చేస్తా."

"గులకా!" అన్నాను.

"రాస్తానమ్మా. చూపించమను."

"ఇంతేనా?" బావగారు పంచె ఎగ్గట్టి లేచారు. "దీనికి వాడెందుకు? ఈ గోడకి నేను రాళ్ళందించాను. మా నాన్న ఏ రాయి ఎక్కడ పెట్టాడో కళ్ళు మూసుకుని చెప్తా. పట్టుకో ఆ పెట్టె."

మేనేజరు లాప్‌టాప్ ఎత్తి పట్టుకున్నాడు. బావగారు తెరను చూస్తూ, గోడను తడుముతూ నడిచారు. నిజంగానే గోడ ఆయనకు తెలుసు. "ఇదిగో, ఇది పడుకున్న గేదె. దాని పక్కన పళ్ళ సెట్టు. ఇది మా నాన్న వేలు చితికిన రాయి, ఎన్ని తిట్లు తిట్టాడో దీన్ని..." తెర మీదున్న ఒక్కో రాయికీ గోడలో చోటు చూపించుకుంటూ పోయారు. పై వరస దొరికింది. పక్కల రెండూ దొరికాయి. కింది గులకల బారు దొరికింది. నడుమది దొరకలేదు.

"అటు చివర ఉంటుంది నాన్నా" అన్నాడు మేనేజరు.

అటు చివర వెతికారు. కుండీలు జరిపించారు. కాకర తీగ పక్కకు లాగారు. "అవతలి వైపేమో" అన్నాడు మేనేజరు. ఇద్దరూ సందులోకి వెళ్ళి అవతలి వైపు కూడా తడిమారు. పక్కింటావిడ మేడ మీంచి వంగి చూసింది.

"ఏం పోయిందండీ, అంత వెతుకుతున్నారు?"

"రాయండీ" అన్నాను.

"అయ్యో, గోడలోంచా?"

"కాదండీ, గోడలో లేనిది."

ఆవిడ కాసేపు నా వంక చూసి, మెల్లగా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

బావగారు తిరిగొచ్చారు. చేతులకు మట్టి, నుదుటికి చెమట. ఈసారి ఆయన గోడను చూడలేదు. లాప్‌టాప్ తీసుకుని ఆ నడిమి రాయినే చూశారు, కళ్ళద్దాలు పైకెత్తి, కిందికి దించి.

"ఈ రాయి మా నాన్న పెట్టింది కాదు" అన్నారు. గొంతులో ఇందాకటి ఉరుము లేదు. "ఈ పక్క చూడు, నున్నగా అరిగుంది. గోడలో రాయి ఇలా అరగదు. నీళ్ళు, చేతులు తగిలిన రాయే ఇలా అరుగుతుంది. ఇది గోడ రాయి కాదు."

"కాదు పెదనాన్నా" అంది గులక. "గోడ ఫోటోని చదరంగా కోసి అలాగే అంటిస్తే అంచులు కలవవు. అందుకని నాలుగు ముక్కలు చేసి మూలకి మూల మార్చేస్తాం. అప్పుడు లోపల ఉన్నవి అంచులకొస్తాయి. అవి గోడలో ఎలాగూ పక్కపక్కన ఉన్నవే, కాబట్టి కలుస్తాయి. అంచుల్లో ఉండే గొడవంతా నడుమకొస్తుంది. ఆ అతుకుని రాళ్ళతో కప్పాలి. పక్కలన్నీ ఈ గోడ రాళ్ళతోనే కప్పాను. కానీ నాలుగు మూలలూ కలిసే చోట ఏ రాయి పెట్టినా కుదరలేదు. వారం పాటు తిప్పాను. చివరికి బయటి రాయి ఒకటి తెచ్చి, రంగు మార్చి, నాచు పట్టించి అక్కడ పెట్టాను. అది ఈ గోడలో ఎప్పుడూ లేదు. నా బొమ్మలో తప్ప ఎక్కడా లేదు. గోడను ఫోటో తీసినవాడెవడికీ అది రాదు. నా బొమ్మ తీసుకున్నవాడికే వస్తుంది."

కుళాయి ఒక్కటే టప్పు టప్పుమంటోంది.

"మరి ఎక్కడిదే ఆ రాయి?" అన్నారు బావగారు.

గులక నా వైపు చూసింది. ఇంట్లో ఈ సంగతి తెలిసింది మా ఇద్దరికే. ఆ రోజు సబ్బు నురగ కడిగి, తుడిచి, దాన్ని ఫోటోకు తయారు చేసింది నేనే మరి.

"బావగారూ" అన్నాను, "ఇందాకట్నుంచీ మీరు కూర్చున్నది దేని మీద?"

ఆయన వెనక్కి తిరిగి చూశారు. బండ అంచున నెలవంక. తెర మీదికి చూశారు. రంగు మారింది, తలకిందులైంది, పెచ్చులోకి నాచు ఎక్కింది. అయినా అదే నెలవంక. మళ్ళీ బండను చూశారు. వంగి, ఆ పెచ్చు మీద బొటనవేలు పెట్టి రుద్దారు.

"నాసిరకం రాయి లెండి" అన్నాను, కుళాయి వైపు చూస్తూ.

మా ఆయన కుళాయి ఇంకో చుట్టు బిగించారు.

కోపం అంటే బావగారిది. ఇప్పటిదాకా మా మీద పడ్డదంతా చినుకులు. ఆయన మనిషి మొరటే గాని వంకర కాదు. గోడ గుండుసూది పొడవు పక్కకు ఒరిగినా కూలగొట్టి మళ్ళీ కట్టించే రకం. కొడుకు వైపు తిరిగారు.

"నా చేత వెతికించావురా! అబద్ధమని తెలిసీ, ఈ పిల్ల ముందు, మా నాన్న గోడ పట్టుకుని నా చేత తడిమించావు!"

"నాన్నా, నేను..."

"నోర్ముయ్! పని లేకపోతే పోనీ. రోజూ కంచం ముందు నేను నాలుగు తిడతా, నువ్వు పడతావు, అది మన ఇంటి గోల. కానీ ఆడపిల్ల బల్ల మీదికి చేయి పెట్టి దొంగతనమా?" చేయి ఎత్తారు.

"నేను దొంగతనం చెయ్యలేదు!" మేనేజరు అరిచాడు. గొంతు బొంగురుపోయింది. "దాని గదిలోకి నేను అడుగు పెట్టలేదు. కంప్యూటరు ముట్టలేదు. కావాలంటే ఒట్టు. నాకు... నాకు ఇచ్చారు. 'ఉత్త గోడ ఫోటోలే, వాడుకో' అని ఇచ్చారు. దాని పనంతా అయిపోయింది, ఇవి మిగిలినవేనేమో అనుకున్నా. ఆ తర్వాత తెలిసింది. తెలిశాక చెప్పడానికి..."

"ఎవడిచ్చాడు?"

బావగారి ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంది. వాడు చెంప ఇచ్చుకుని నిలబడ్డాడే గాని పేరు మాత్రం చెప్పలేదు. వాడి మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది. అది ఏ క్షణాన కలిగిందో ఆ క్షణానే నా చూపు కుళాయి వైపు మళ్ళింది.

ఎందుకంటే గులక కంప్యూటరుకు తాళం ఉంటుంది. ఈ బొమ్మ ఇంకో చోట ఒకే ఒక్క దాంట్లో ఉంది. మూత బిగించిన డబ్బాలో.

గులక ఆలోచన ఇంకా అక్కడికి రాలేదు. అది తెర మీది ఉత్తరాన్నే చూస్తోంది. "పేరు తెలియాలి పెదనాన్నా. నేను దొంగని కాదని ఈ రాయితో తేలిపోతుంది. కానీ వాళ్ళు ఊరుకోరు. పని పూర్తయ్యేదాకా ఈ బొమ్మలు ఎవరి చేతికీ ఇవ్వనని మాటిచ్చి సంతకం పెట్టాను. ఆ మరొకరి చేతికి ఎలా వెళ్ళిందని అడుగుతున్నారు. బయటివాడెవడో దొంగిలించాడంటే నాకు పని ఉంటుంది. మా ఇంట్లోంచే పోయిందంటే నన్నెవరు నమ్ముతారు?"

నేను దుప్పటి బకెట్లో పడేశాను.

"ఏవండీ" అన్నాను. "ఆ రోజు ప్రింటు ఏం తీయించారు?"

కుళాయి తిరుగుతున్నది ఆగింది.

"ఏ రోజు?" అన్నారు.

"డబ్బాకి మూత పెట్టిన రోజు."

గులక తల ఎత్తింది. నన్ను చూసింది, ఆయన్ను చూసింది, మేనేజరును చూసింది. వాడు నేలను చూస్తున్నాడు. పిల్ల ముఖంలో ఇందాకటి నుంచీ మండుతున్న కోపం ఒక్కసారి ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. అది చూడటం కంటే అది అరిచినా బాగుండేది.

"నాన్నా?" అంది.

"అన్నయ్య వాణ్ణి రోజూ..." మా ఆయన కుళాయితోనే మాట్లాడుతున్నారు. "తినేటప్పుడు కూడా తిడతాడు. చూడలేకపోయాను. నన్ను చదివించడానికే కదా అన్నయ్య... ఆ కంపెనీ వాళ్ళు ఎవరైనా పంపొచ్చన్నారని నువ్వే చెప్పావు. వాడికి ఒక్క దారి దొరికితే... నీకేమే, నువ్వు ఇంకోటి చేసుకుంటావు అనుకున్నా. చేతిలో విద్య ఉంది. నీకిది ఆట, వాడికి బతుకు అనుకున్నా."

"ఆటా?" అంది గులక. అరవలేదు. "మబ్బు కోసం ఎండాకాలమంతా గొడుగు పట్టుకుని నిలబడ్డానే, మీరే నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చారే, ఆట చూడ్డానికి వచ్చారా నాన్నా? అన్నీ తెలిసి, ఇందాక కంచం ముందు నన్ను కూర్చోబెట్టి, నువ్వే తప్పుకో అన్నారా?"

బావగారి చేయి మెల్లగా కిందికి దిగింది. కొడుకు మీద పడలేదు, తమ్ముడి మీదికీ లేవలేదు. బండ మీద కూర్చోబోయి, ఏమనుకున్నారో, కూర్చోకుండా నిలబడిపోయారు.

నాకు తెలుసు ఇప్పుడేం జరుగుతుందో. ఇన్నేళ్ళ కాపురం. పెన్‌డ్రైవ్‌ది తప్పంటారు. సంతకం పెట్టమన్న కంపెనీది తప్పంటారు. ఫోటోలు ఫోటోల్లా ఉండక ఇంత పనెందుకు చేశావని పిల్లదే తప్పంటారు. ఆ మాట రాగానే ఏమనాలో కూడా నాలుక చివర తయారుగా పెట్టుకున్నాను. నాకే భయమేసేంత పదునుగా ఉంది అది.

స్టూలు మీద తెర ఇంకా వెలుగుతోంది. మరొకరి చేతికి ఎలా వెళ్ళింది అన్న ప్రశ్న కింద, జవాబు రాయాల్సిన ఖాళీలో సన్నటి గీత మిణుకుమిణుకుమంటోంది. గోడ మీది ఎండ పై వరస దాకా పాకింది. సాయంత్రానికి ఇంకెంతో సేపు లేదు.

మా ఆయన కుళాయి వదిలేసి వచ్చారు. తడి చేతులు తుడుచుకోలేదు. గోడ వైపు చూడలేదు, బండ వైపు చూడలేదు, అన్నయ్య వైపు కూడా చూడలేదు. కూతురి ముందుకొచ్చి నిలబడ్డారు. నోరు తెరిచారు, మూశారు. అలవాటు లేని మాట కదా, దారి వెతుక్కుంటోంది.

"తప్పు చేశానే గులకా" అన్నారు. "ఇంకెవరూ కాదు. నేనే చేశాను. ఆ ఖాళీలో నా పేరే రాయి."